ఫెడరల్ కోర్టులో అప్పీల్ వేస్తే కేసు మళ్ళీ మొదటినుంచి వింటారా? నేను చూసింది చెప్తా

ఒకావిడ అడిగిన ప్రశ్న ఇదీ: హ్యూస్టన్‌లో వాళ్ళ మరిదికి ఫెడరల్ కోర్టులో శిక్ష పడింది, అప్పీల్ వేస్తే పై జడ్జీలు కేసంతా మళ్ళీ వింటారా, సాక్షుల్ని పిలుస్తారా, సివిల్ కేసులకి కూడా ఇదే పద్ధతా అని.

వినరండీ. సాక్షుల్ని పిలవరు, కొత్త కాయితాలు తీసుకోరు, మీ మరిదిగారు ఆ కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని కూడా ఉండదు. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కాకపోతే నా చిన్న కన్సల్టింగ్ కంపెనీకి రావాల్సిన డబ్బుల గొడవ ఒకటి ఫెడరల్ కోర్టులో మూడేళ్ళు నడిచి చివరికి న్యూ ఆర్లీన్స్‌లో ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సస్ కేసులు వెళ్ళే ఫెడరల్ అప్పీల్ కోర్టు) దాకా వెళ్ళింది, ఆ రోజు మాకంటే ముందు ఒక క్రిమినల్ అప్పీల్ ఉంటే అదీ వెనక బెంచీలో కూర్చుని మొత్తం విన్నా, అందుకని రెండూ ఎలా తేలుస్తారో కొంచెం తెలుసు.

మన బుర్రలో ఉండేది ఇండియా లెక్క. అక్కడ సెషన్స్ కోర్టులో శిక్ష పడితే హైకోర్టు సాక్ష్యమంతా మళ్ళీ తూకం వేయొచ్చు, ఈ సాక్షి మాట నమ్మబుద్ధి కావట్లేదని కొట్టేయొచ్చు కూడా. ఇక్కడ ఎవరు నిజం చెప్పారో తేల్చే పని కింద డిస్ట్రిక్ట్ కోర్టుదే, అక్కడి జ్యూరీదే, అంటే కేసు విని తేల్చడానికి పిలిచిన మామూలు పౌరులదే. అలాంటి డిస్ట్రిక్ట్ కోర్టులు దేశం మొత్తం మీద 94, వాటి పైన అప్పీల్ కోర్టులు 13. అప్పీల్ కోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు, వాళ్ళ ముందు ఉండేది కింద కోర్టు రికార్డు, రెండు వైపుల బ్రీఫులు, అంటే లాయర్లు రాసిచ్చిన వాదనలు, అంతే. మా లాయర్ ఆఫీసులో టేబుల్ మీద ఆ బ్రీఫులు చూస్తే నాకు భలే వింతగా అనిపించింది, అప్పీల్ వేసినవాడిది నీలం అట్ట, జవాబిచ్చేవాడిది ఎర్ర అట్ట, దానికి తిరుగు జవాబు బూడిద రంగు అట్ట, ఇది కూడా రూల్సులో రాసి ఉందట. అందులో కింద కోర్టులో జరిగిందని చెప్పే ప్రతి మాటకీ రికార్డులో ఫలానా పేజీ అని నంబర్ ఉండాల్సిందే, నంబర్ లేని మాటని వాళ్ళు లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

ఇంకోటి ఏంటంటే ఒక్కో విషయాన్ని ఒక్కో కళ్ళజోడు పెట్టుకుని చూస్తారు. చట్టానికి అర్థం ఏంటి అన్నదైతే కింద జడ్జి ఏమన్నాడో పట్టించుకోకుండా సొంతంగా తేలుస్తారు. జరిగిన విషయం గురించి జడ్జి ఒక నిర్ణయానికి వచ్చి ఉంటే అది మరీ పచ్చిగా తప్పైతే తప్ప ముట్టుకోరు. జ్యూరీ దోషి అందంటే అసలు ఏ బుద్ధున్న జ్యూరర్ అయినా ఈ సాక్ష్యం మీద దోషి అని అనగలడా, అంతవరకే చూస్తారు, ఇది 1979లో జాక్సన్ వర్సెస్ వర్జీనియా కేసు నుంచి వస్తున్న కొలత. కాబట్టి "మా వాడు చెయ్యలేదు, ఆ సాక్షి అబద్ధం చెప్పాడు" అని అప్పీల్లో ఎంత గొంతు చించుకున్నా లాభం ఉండదు, ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ మీ ఇంట్లోవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది.

ఆ రోజు విన్న క్రిమినల్ కేసు సంగతి చెప్తా. నేను, మా ఆవిడ ముందు రోజే ఐ-10 పట్టుకుని హ్యూస్టన్ నుంచి కార్లో వెళ్ళాం, పులిహోర కూడా కట్టుకుని. పొద్దున్నే క్యాంప్ స్ట్రీట్‌లో ఉన్న ఆ పాత రాతి బిల్డింగ్‌లోకి వెళ్ళాం. ఒక్కో వైపుకి 20 నిమిషాలు, లాయర్ నిలబడే చోట ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు ఉంటాయి. ముద్దాయి తరఫు లాయర్ చాలా బాగా మొదలుపెట్టాడు, గైడ్‌లైన్స్ (పాయింట్లు వేసి ఎన్ని నెలల శిక్షో చూసే ఫెడరల్ పట్టిక) లెక్క కట్టేటప్పుడు తన క్లయింటుకి అనవసరంగా రెండు పాయింట్లు కలిపారని. రెండు నిమిషాలు కూడా కాలేదు, మధ్యలో ఉన్న జడ్జి ఆపి అడిగారు, ఈ మాట శిక్ష వేసే రోజు కింద కోర్టులో ఎవరన్నా అన్నారా, అంటే రికార్డులో ఏ పేజీ అని. లాయర్ కాయితాలు తిప్పాడు. అనలేదండీ అన్నాడు. మిగతా 18 నిమిషాలూ ఆ ఒక్క విషయం మీదే పోయింది.

ఎందుకంటే కింద అభ్యంతరం చెప్పకపోతే కళ్ళజోడు మారిపోతుంది, దాన్ని ప్లెయిన్ ఎర్రర్ అంటారు, తప్పు జరగాలి, అది కళ్ళకి కట్టినట్టు ఉండాలి, దానివల్ల ముద్దాయికి నిజంగా నష్టం జరగాలి, పైగా కోర్టుల మీద నమ్మకమే దెబ్బ తినేలా ఉండాలి, ఈ నాలుగూ కుదరాలి. అలాగని ఆశ లేదని కాదు. రోసాలెస్-మిరెలెస్ అని 2018లో సుప్రీం కోర్టు తేల్చిన కేసు ఒకటి ఉంది, అదీ ఈ ఫిఫ్త్ సర్క్యూట్ నుంచి వెళ్ళిందే. అతని పాత శిక్ష ఒకదాన్ని లెక్కలో రెండు సార్లు వేసేశారు, దాంతో 70 నుంచి 87 నెలలు ఉండాల్సిన రేంజ్ 77 నుంచి 96 అయింది, అతనికి 78 నెలలు పడ్డాయి, కింద కోర్టులో ఎవరూ గమనించలేదు. ఫిఫ్త్ సర్క్యూట్ తప్పు ఉందని ఒప్పుకుంది కానీ సరిదిద్దం అంది, సుప్రీం కోర్టు మాత్రం ఇలాంటి లెక్క తప్పుని మామూలుగా సరిదిద్దాల్సిందే అని తిప్పి పంపింది. అందుకే మీ మరిదిగారి ప్రీ-సెంటెన్స్ రిపోర్టు (శిక్ష వేసే ముందు జడ్జి కోసం తయారుచేసేది, ఆ లెక్క అందులోనే ఉంటుంది) తెప్పించుకుని ఆ పాయింట్ల లెక్క ఎవరితోనన్నా కూడించి చూపించండి, నన్నడిగితే ఫలితం వచ్చే అవకాశం అక్కడే ఎక్కువ.

ఇంకో అనుమానం నాకు. ఇక్కడ ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభై పైనే ట్రయల్ లేకుండా ఒప్పుకోలుతోనే ముగుస్తాయి. మీ వాళ్ళది కూడా ప్లీ అగ్రిమెంట్ (నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం) అయితే అందులో అప్పీల్ హక్కు వదులుకుంటున్నా అనే పేరా ఉండే ఉంటుంది, వెతకండి. ఉన్నా కూడా అప్పీల్ నోటీస్ వెయ్యమని అతను లాయర్‌కి చెప్తే లాయర్ వెయ్యాల్సిందే, వెయ్యకపోతే అది లాయర్ తప్పు కిందే లెక్క అని 2019లో గార్జా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది, కాబట్టి నోటితో కాదు, రాతపూర్వకంగా చెప్పించండి. లాయర్ సరిగ్గా చెయ్యలేదు అన్న కంప్లయింట్ మాత్రం చాలావరకు ఈ అప్పీల్లో నడవదు, తర్వాత 2255 మోషన్ అని, శిక్ష రద్దు చెయ్యమనో మార్చమనో అడిగే పిటిషన్, అదే డిస్ట్రిక్ట్ కోర్టులో వెయ్యాలి, దానికి ఏడాది గడువు. ఆయన గ్రీన్ కార్డు మీద ఉంటే, ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందని లాయర్ ముందే చెప్పాడా లేదా అన్నది కూడా అక్కడ పెద్ద పాయింటే.

ఇక సివిల్. మా సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. నాది టెక్సస్‌లో ఒక ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీలు ఎక్కువగా పెట్టుకునే రకం, ఓనర్లని మెంబర్లు అంటారు), ఓనర్ని నేనొక్కడినే, అప్పటికి గ్రీన్ కార్డు. న్యూజెర్సీలో ఇంకో ఎల్‌ఎల్‌సీ, ఇద్దరు పార్ట్‌నర్లు, మాకు లక్షా ఎనభై వేల డాలర్లు ఇవ్వాలి, ఇవ్వలేదు. వేరే వేరే రాష్ట్రాల వాళ్ళు, గొడవ 75,000 డాలర్లు దాటింది, కాబట్టి ఫెడరల్ కోర్టుకి వెళ్ళొచ్చు అని మా లాయర్ 2016లో అక్కడ వేశాడు. 2018లో జ్యూరీ మా వైపే చెప్పింది. స్వీట్లు కూడా పంచా. అవతలివాళ్ళు అప్పీల్ వేశారు, కాంట్రాక్ట్ మీద ఏవో పాయింట్లు.

ఆర్గ్యుమెంట్ దగ్గర పడ్డాక కోర్టు నుంచి ఒక లెటర్ వచ్చింది, అరపేజీ కూడా లేదు, కేసు వేసిన రోజుకి రెండు కంపెనీల్లో ప్రతి మెంబర్ ఏ దేశ పౌరుడో, ఏ రాష్ట్రమో రాసి పంపండి అని. అవతలి వైపు కూడా ఎవరూ ఎత్తని విషయం అది. కార్పొరేషన్ అయితే అది రిజిస్టర్ అయిన రాష్ట్రం, హెడ్డాఫీసు ఉన్న రాష్ట్రం చూస్తారట, ఎల్‌ఎల్‌సీ అయితే దాని మెంబర్ల పౌరసత్వమే కంపెనీ పౌరసత్వం. నేను ఇండియన్ సిటిజన్ని. వాళ్ళ పార్ట్‌నర్లలో ఒకాయన, గుంటూరు వైపు ఆయనే, ఆయనదీ ఇండియన్ పాస్‌పోర్టే. రెండు వైపులా విదేశీయులు ఉండి, నా వైపు అమెరికా సిటిజన్ ఒక్కడూ లేకపోతే ఆ దారిలో ఫెడరల్ కోర్టుకి అధికారమే లేదు. అధికారం లేని కోర్టు ఇచ్చిన తీర్పు చెల్లదు, ఎవరూ అడక్కపోయినా ఎంత ఆలస్యమైనా జడ్జీలే పట్టుకుని కొట్టేస్తారు, మాదీ అలాగే పోయింది.

తీర్పు వచ్చేలోపు నేను అమెరికా సిటిజన్ అయిపోయా కదా అని ఆశపడ్డా. కుదరదు, కేసు వేసిన రోజు పరిస్థితే లెక్క. 2004లో గ్రూపో డేటాఫ్లక్స్ కేసులో అచ్చంగా ఇలాగే, రెండు వైపులా మెక్సికో వాళ్ళు ఉన్నారని తేలితే జ్యూరీ ఇచ్చిన 7,50,000 డాలర్ల తీర్పు కూడా గాల్లో కలిసిపోయింది. కోర్టుని ఏమీ అనడానికి లేదండీ, తప్పు మాదే, మొదటి రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. 2022 డిసెంబర్ నుంచి రూల్ మార్చి, ఇలాంటి కేసు వేసేటప్పుడే ప్రతివాళ్ళూ పౌరసత్వం రాసివ్వాలని పెట్టారు, మా టైమ్‌కి లేదు. మనవాళ్ళ కంపెనీలు సగం ఎల్‌ఎల్‌సీలే, అందులో బావమరిది పేరో, ఇండియాలో ఉన్న నాన్నగారి పేరో ఉంటుంది, కాబట్టి ఇది నా ఒక్కడి సమస్య అనుకోను. అదృష్టం ఏంటంటే టెక్సస్ చట్టంలో ఇలా కోర్టు తప్పైపోయి కేసు పోతే 60 రోజుల్లోపు స్టేట్ కోర్టులో మళ్ళీ వేసుకునే వీలుంది, అవే ఇన్వాయిస్‌లు మళ్ళీ ప్రింట్ తీసి వేశాం, మీడియేషన్‌లో సుమారు సగానికి తేలింది, అందులో లాయర్ ఫీజులు పోగా మిగిలింది అడక్కండి.

మళ్ళీ మీ విషయానికొస్తే, సివిల్‌లో అప్పీల్ నోటీస్‌కి 30 రోజులు, ఏదో ఒక వైపు ఫెడరల్ ప్రభుత్వం ఉంటే 60, క్రిమినల్‌లో ముద్దాయికి మాత్రం 14 రోజులే. సివిల్ గడువు ఎంత కఠినం అంటే 2007లో బౌల్స్ కేసులో గడువు దాటిపోతే కింద జడ్జే దాన్ని మళ్ళీ తెరిచి, పొరపాటున 14 బదులు 17 రోజులు ఇచ్చాడు, పాపం బౌల్స్ జడ్జి మాట నమ్మి ఆ 17 లోపే వేశాడు, అయినా కొట్టేశారు. క్రిమినల్‌లో సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజుల దాకా పొడిగించే వీలుంది. ఆ 14 రోజులు శిక్ష చదివిన రోజు నుంచి కాదు, జడ్జిమెంట్ రికార్డులో ఎక్కిన రోజు నుంచి లెక్క. ఆ తారీఖు ఏంటో, ట్రయల్ జరిగిందా లేక ఒప్పుకున్నారా, ఈ రెండూ ఈ రోజే వాళ్ళ లాయర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.