సముద్రపు నాచుతో దోమ లార్వాలు చస్తాయా?

వానలు మొదలైనప్పటి నుంచి రాయలసీమ పాఠకుల ఉత్తరాలలో ఎక్కువ భాగం దోమల గురించే ఉంటున్నాయి. నీళ్లలో పెరిగే దోమ లార్వాలను సముద్రపు నాచు సారం చంపుతుందన్న మాట విని, దాని మంచిచెడ్డలు చెప్పమని పలువురు అడిగారు. అందుకే ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా చీనీ తోటకు పిచికారీ చేసే సముద్రపు నాచు ద్రావణం ఒక సీసా మిగిలింది. పశువులు తాగే గాబులో పురుగులు తిరుగుతున్నాయి, అవే దోమలవుతాయని ఆశా కార్యకర్త చెప్పింది. ఆ ద్రావణం గాబులో పోస్తే చస్తాయా? ఎంత పోయాలి?
– ఒక రైతు, నార్పల, అనంతపురం జిల్లా

జవాబు: దయచేసి ఒక్క చుక్క కూడా పోయకండి. మీ దగ్గరున్నది నాచుతో చేసినదే అయినా, దోమల మీద పరిశోధకులు వాడే సారం అది కాదు. పంటలకు అమ్మే ద్రావణాన్ని సాధారణంగా గోధుమ రంగు నాచును పొటాషియం హైడ్రాక్సైడ్ వంటి క్షారంతో ఉడికించి గానీ, కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును పిండి రసం తీసి గానీ తయారుచేస్తారు. అందులో పొటాష్, చక్కెరల వంటి పదార్థాలు, మొక్క పెరుగుదలకు తోడ్పడే మరికొన్ని అంశాలు ఉంటాయి. మొక్కకు మేలు చేసే ఆ పోషకాలే గాబులో పడితే సూక్ష్మజీవులు, పాచి పెరుగుతాయి. దోమ లార్వాలు తినేది వాటినే కాబట్టి, మీరు మందు వేశామనుకుంటారు గానీ నిజానికి వాటికి మేత వేసినట్టవుతుంది.

చట్టం దృష్టిలోనూ ఇవి రెండు వేరు వేరు వస్తువులు. పంటల నాచు ద్రావణాలను 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద జీవ ఉత్ప్రేరకాలుగా (బయోస్టిమ్యులెంట్లుగా) పరిగణిస్తున్నారు. లార్వాలను చంపే మందుగా అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం వేరుగా రిజిస్ట్రేషన్ పొందాలి. కాబట్టి ఎంత పోయాలో మీ సీసా మీద రాసి ఉండదు, దుకాణదారు చెప్పినా నమ్మడానికి ఆధారం ఉండదు.

గాబుకు మందుతో పనిలేదు. వారానికి ఒకసారి నీళ్లు పూర్తిగా వంపి, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, ఒక పూట ఎండనివ్వండి. రుద్దడం ఎందుకో మీ కంటితోనే చూడవచ్చు. నీటి మట్టానికి కాస్త పైన, తడి ఆరీ ఆరని చోట, మసి రేణువుల్లాంటి నల్లని చుక్కలు గోడకు అంటుకుని కనిపిస్తే అవి డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు కావచ్చు. నీళ్లు వంపేసినా అవి గోడనే పట్టుకుని నెలల తరబడి ఎండిపోయినా బతికి ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. మన ప్రాంతపు వేడిలో గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి వారం, పది రోజులు చాలు. వారానికి ఒకసారి అని ఆరోగ్య శాఖ చెప్పడంలోని లెక్క అదే.

ప్రశ్న: నేను కడపలో డిగ్రీ జంతుశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సముద్రపు నాచు సారాన్ని దోమ లార్వాల మీద పరీక్షించాలనుకుంటున్నాను. నాచులో లార్వాలను చంపే గుణం నిజంగా ఉందా? పరీక్ష ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: ఉంది. సముద్రంలో ఒకచోట అంటుకుని బతికే నాచుకు, తనను మేసే చేపల నుంచీ నత్తల నుంచీ పారిపోయే వీలు లేదు. అందుకే అది తన ఒంట్లోనే చేదు పదార్థాలను, విష పదార్థాలను తయారుచేసుకుంటుంది. గోధుమ రంగు నాచులలో ఫ్లోరోటానిన్లు, డిక్టియోటా జాతిలో డైటెర్పీన్లు, కౌలెర్పా అనే ఆకుపచ్చ నాచులో కౌలెర్పెనైన్, లారెన్షియా అనే ఎర్ర నాచులో ఎలటాల్ వంటి హాలోజన్ కలిగిన పదార్థాలు ఇలాంటివే. తమిళనాడు తీరపు నాచుల మీద పరంగిపేటలో 1990ల నుంచే ఈ పరీక్షలు జరిగాయి. మలేషియా, బ్రెజిల్ దేశాలలోనూ జరిగాయి. సర్గాసమ్, ఉల్వా, పడైనా, గ్రాసిలేరియా వంటి నాచుల సారాలనూ లార్వాల మీద పరీక్షించారు.

పరీక్ష పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది. లార్వా పెరిగే నాలుగు దశల్లో మూడో దశ చివర గానీ నాలుగో దశ మొదట గానీ ఉన్న లార్వాలను ఇరవై ఐదు చొప్పున కప్పుల్లో వేసి, వేర్వేరు మోతాదుల్లో సారం కలిపి, 24 గంటల తరువాత చచ్చినవాటిని లెక్కించాలి. నాచును ముందు మంచినీటితో బాగా కడిగి ఉప్పు పోగొట్టి, నీడన ఎండబెట్టి, పొడి చేసి, ఇథనాల్ లేదా అసిటోన్ వంటి ద్రావణిలో నానబెట్టి సారం తీస్తారు. ఇక్కడే చాలామంది ప్రాజెక్టులు దెబ్బతింటాయి. సారం కలపని మంచినీటి కప్పుతో పాటు, సారం లేకుండా అంతే ఇథనాల్ కలిపిన కప్పు కూడా తప్పక ఉండాలి, లేకపోతే చంపినది నాచో ఇథనాలో తేల్చలేరు. ఆ ఉత్త కప్పుల్లో నూటికి ఐదు నుంచి ఇరవై లార్వాలు చస్తే ఆ చావులను మినహాయించే అబ్బాట్ సూత్రంతో లెక్కను సవరించాలి, ఇరవైకి మించితే ఆ రోజు పరీక్షను పక్కన పెట్టి మళ్లీ చేయాలి. కప్పుల మీద దోమతెర గుడ్డ కట్టడం మరవకండి. మీరు పెంచిన దోమలు మీ హాస్టల్లోకే ఎగరకూడదు.

ఇక ఫలితాన్ని చదవడం. సగం లార్వాలను చంపే మోతాదును ఎల్‌సీ50 అంటారు. శుద్ధి చేయని నాచు సారాలకు ఇది తరచు లీటరుకు పదుల నుంచి వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. లార్వాలను చంపడానికి నీళ్లలో వేసే టెమిఫాస్ అనే రసాయన మందును తట్టుకునే శక్తి రాని లార్వాలకైతే లీటరుకు ఒక మిల్లీగ్రాములో నూరో వంతు కూడా అక్కరలేదు. ఈ తేడా ఎంతటిదో ఒక లెక్క వేసి చూడండి. లీటరుకు 100 మిల్లీగ్రాములు కావాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకుకు 100 గ్రాముల సారం కావాలి. ఎండు నాచులో నూటికి ఐదు పాళ్లు సారం దిగుతుందనుకున్నా, ఒక్క ట్యాంకుకు రెండు కిలోల ఎండు నాచు ఖర్చవుతుంది. ఎండు నాచు రెండు కిలోలంటే పచ్చి నాచు అంతకు ఎన్నో రెట్లు. అదీ సగం లార్వాలు చావడానికే! మిగిలిన సగం దోమలై ఎగిరిపోతాయి. కాబట్టి ఈ పరిశోధనకు అసలు విలువ ఉన్నది సారాన్ని నేరుగా నీళ్లలో పోయడంలో కాదని నా అభిప్రాయం. ఆ సారంలో చంపే పదార్థం ఏదో వేరుచేసి గుర్తించడంలో ఉంది.

కొందరు నాచు సారంతో వెండి నానో కణాలు చేసి, మోతాదు బాగా తగ్గిందని చూపుతారు. అప్పుడు చంపుతున్నది చాలావరకు వెండి కావచ్చు, వెండి నీటిలోని ఇతర జీవులకూ విషమే. మీకు వీలైతే అదే మోతాదును డాఫ్నియా అనే చిన్న నీటి జీవి మీద, గప్పీ చేపపిల్లల మీద కూడా పరీక్షించండి. దోమను చంపింది, తక్కిన వాటిని వదిలింది అని చూపగలిగితేనే అది పనికివచ్చే ఫలితం. డిగ్రీ ప్రాజెక్టులో ఆ ఒక్క పట్టిక ఉన్నా ఎంతో గౌరవం దక్కుతుంది. మరొక మాట, ఒకే జాతి నాచులో కూడా తీరాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఈ పదార్థాల పాళ్లు మారతాయి. తమిళనాడు తీరంలోని మండపం ఊరి నుంచి తెప్పించినా, విశాఖ తీరపు రాళ్ల మీద నుంచి తెచ్చినా ఏ నెలలో సేకరించారో తప్పక రాయండి.

ప్రశ్న: రామేశ్వరం వెళ్లినప్పుడు ఎండు నాచు కొంచెం తెచ్చాము. దాన్ని మూటగట్టి నీళ్ల తొట్టిలో నానబెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: వద్దు. చంపే పదార్థాలలో చాలావరకు ఉత్త నీటిలో సరిగా దిగవు. నాచు మాత్రం కుళ్లుతుంది, ఆ కుళ్లు వాసనకు క్యూలెక్స్ దోమలు ఇంకా ఎక్కువగా వచ్చి గుడ్లు పెడతాయి.

ప్రశ్న: మాకు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో నింపుకుంటాము. ఆరోగ్య సిబ్బంది వచ్చి మందు వేస్తామంటే, తాగే నీళ్లలో రసాయనం ఎందుకని నేను వద్దన్నాను. సముద్రపు నాచు సహజమైనది కదా, అలాంటి మందు వచ్చేదాకా ఆగితే మంచిది కాదా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. కానీ ఆగవద్దు. సహజమైనదంతా హానిలేనిది కాదు, గన్నేరు పప్పు కూడా సహజమైనదే. నాచు సారాలను తాగునీటిలో ఎంత కలిపితే పిల్లలకు, గర్భిణులకు ఏమీ కాదో తేల్చే పరీక్షలు జరిగి, రిజిస్ట్రేషన్ వచ్చేదాకా మీ సంపులో వాటికి చోటు లేదు.

ఆరోగ్య సిబ్బంది సాధారణంగా వేసే టెమిఫాస్ విషయంలో ఆ పరీక్షలు జరిగాయి. నిల్వ ఉంచిన తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. శిక్షణ పొందిన సిబ్బంది కొలిచి వేస్తే భయపడనక్కరలేదు, కానీ ఎవరో ఇచ్చారని మీరే అంచనాగా పోయకూడదు. అయితే ఏళ్ల తరబడి ఒకే మందు వాడిన కొన్నిచోట్ల దోమలు దానికి లొంగడం మానేశాయి. అందుకే సముద్రపు నాచు మీద జరిగే పరిశోధనను తేలికగా కొట్టిపారేయకూడదు. ఇప్పటి మందులు పనిచేయని రోజు వస్తే, వేరే దారి ఒకటి సిద్ధంగా ఉండాలి.

సహజమైనదే కావాలన్న మీ కోరికకు దగ్గరగా ఇప్పటికే ఒక మందు ఉంది. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమ లార్వాలు ఉన్న ఒక నీటి గుంట దగ్గర ఒక బ్యాక్టీరియా దొరికింది. బీటీఐ అని పిలిచే దాని స్ఫటికాలను లార్వా మింగితే, క్షార గుణం ఉన్న దాని పేగుల్లో అవి కరిగి విషంగా మారి చంపుతాయి. మనుషుల కడుపులో ఉండేది ఆమ్లం కాబట్టి ఆ మార్పు మనలో అలా జరగదు. లార్వా తరువాతి దశలో కామా గుర్తులా వంగి ఉండే ప్యూపాలు ఏమీ తినవు గనుక వాటి మీద మాత్రం ఇది పనిచేయదు. మీ మునిసిపాలిటీ మలేరియా సిబ్బందిని బీటీఐ అందుబాటులో ఉందేమో అడగండి.

ఈలోగా సంపును చూడండి. పట్టణాలలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమ శుభ్రమైన నీళ్లున్న ఇలాంటి సంపులనే, మేడ మీది ట్యాంకులనే ఎంచుకుంటుంది. మూత సరిగా ఉందనుకునే ఇళ్లలో కూడా మూత అంచు పగిలిన చోట, మోటారు వైరు దిగే రంధ్రం దగ్గర సందు ఉంటుంది, దోమకు అంత చాలు. ఆ సందును సిమెంటుతో పూడ్పించి, ట్యాంకు పొర్లు గొట్టానికీ గాలి గొట్టానికీ సన్నని దోమతెర గుడ్డ బిగించి కట్టించండి.