కావలిలో మేడ మీద రాస్ప్‌బెర్రీ కాస్తుందా?

మీరు అడిగినవి మూడు. కావలిలో మేడ మీద పెట్టిన మూడు రాస్ప్‌బెర్రీ మొక్కల ఆకుల అంచులు ఎందుకు మాడుతున్నాయి, అసలు ఈ మొక్కకి ఎలాంటి వాతావరణం కావాలి, ఉదయగిరి వైపున్న అరెకరంలో వేయొచ్చా అని. చివరిదానికి ముందే చెప్పేస్తాను: వేయకండి, పెట్టుబడి తిరిగి రాదు. మేడ మీద మూడు నాలుగు కుండీలైతే మాత్రం శ్రద్ధగా చూసుకుంటే ఫిబ్రవరిలో గుప్పెడు గుప్పెడు పళ్ళు కోసుకోవచ్చు.

అందరూ మన ఎండకి భయపడతారు. ఎండని షేడ్‌నెట్ కట్టి, నీళ్ళు పెట్టి కొంత దించుకోవచ్చు. మనం తెచ్చిపెట్టలేనిది చలి. ఎర్ర రాస్ప్‌బెర్రీలో పాత రకాలు మొదటి ఏడు కర్ర వేసి, శీతాకాలమంతా నిద్రపోయి, రెండో ఏడు ఆ కర్ర మీదే పూసి, కాసి, ఎండిపోతాయి. ఆ నిద్ర తెమలాలంటే 7 డిగ్రీల లోపు చలి రకాన్ని బట్టి 800 నుంచి 1,600 గంటలు తగలాలి. స్కాట్లాండ్, పోలండ్, సెర్బియాల్లో అది దానంతటదే దొరుకుతుంది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ కొండల్లో దొరుకుతుంది. నెల్లూరు తీరంలో సంక్రాంతి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి మనకి చలి గంటలు సున్నా.

ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3,000 అడుగులు కదా అంటారేమో. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే దుర్గం మీద కూడా చలికాలం రాత్రి 14 దగ్గరే ఆగుతుంది. మీ పొలం ఉండేది కొండ కింద.

అందుకే ఇక్కడ రకం ఎంపికే సగం పని. హెరిటేజ్, ఆటమ్ బ్లిస్, పోల్కా లాంటివి ప్రైమోకేన్ రకాలు. ఇవి అదే ఏడు లేచిన కర్ర చివర్లోనే పూస్తాయి, నిద్ర కోసం ఆగవు. లంబసింగి, ఊటీ, కొడైకెనాల్ లాంటి చోట్ల ఎర్ర రాస్ప్‌బెర్రీ వేయాలన్నా నేనైతే వీటినే ఎంచుకుంటాను. రెండోది మైసూరు రాస్ప్‌బెర్రీ. ఇది మన దేశపు మొక్కే, పడమటి కనుమల్లో అడవిగా పెరుగుతుంది. చలి అక్కర్లేదు కనుక దక్షిణ ఫ్లోరిడాలో కూడా పెరళ్ళలో కాస్తుంది. పండు ముందు ఎర్రగా మారి, తర్వాత నల్లబడుతుంది. రుచిలో ఎర్రదానికి కాస్త తక్కువే, కానీ మన వాతావరణానికి నా ఓటు దీనికే.

ముందు మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి. కర్ర మీద తెల్లటి బూడిద పూత ఉండి, బొటనవేలితో తుడిస్తే చెరిగి కింద ఊదా రంగు కనబడి, ముళ్ళు కొక్కేల్లా వంగి గట్టిగా ఉంటే మైసూరు రకం. ముళ్ళు సన్నగా, నిటారుగా, నూగులా ఉంటే ఎర్రది. ఆకు అడుగు రెండింటిలోనూ తెల్లగానే ఉంటుంది, దాన్ని బట్టి తేల్చకండి.

ప్రైమోకేన్ రకమైతే వేర్లకి ఫ్రిజ్‌లో చలి పట్టించడం మంచిది. అలా చేస్తే పిలకలన్నీ ఒకేసారి లేచి త్వరగా పూతకొస్తాయి. మెక్సికోలాంటి చోట్ల రైతులు కోల్డ్ స్టోరేజీలో ఉంచిన పొడవాటి కర్రలని తెచ్చి నాటేదీ ఈ సూత్రంతోనే. జులై నెలాఖరుకి కర్రలని నాలుగు అంగుళాలు వదిలి కోసేయండి. వేర్ల మట్టి కడిగి, చెమ్మగా పిండిన కొబ్బరి పొట్టులో చుట్టి, నాలుగైదు చిల్లులు పెట్టిన కవర్లో వేసి, 2 నుంచి 4 డిగ్రీల అరలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. అంటే సుమారు 1,000 నుంచి 1,300 గంటల చలి. గడ్డ కట్టకూడదు. ఆ అరలో అరటి, మామిడి, యాపిల్ పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు చెడతాయి. సెప్టెంబరు చివర కుండీలో నాటితే డిసెంబరు చివర నుంచి పూత, పూత పడిన నెల రోజులకి పండు. ఇంకా ఆలస్యంగా నాటితే కాయ మార్చి ఎండల్లో పడి ఉడికిపోతుంది. పగలు 18 నుంచి 25 డిగ్రీలున్నప్పుడు ఈ మొక్క హాయిగా ఉంటుంది, 30 దాటితే ఎదుగుదల మందగిస్తుంది. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాత్రమే. మైసూరు రకానికి ఈ ఫ్రిజ్ పని అక్కర్లేదు.

కుండీ విషయానికొస్తే 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతున్న తెల్ల గ్రోబ్యాగ్ సరిపోతుంది, సుమారు 40 లీటర్లు పడుతుంది. నల్లది మేడ మీద వేర్లని ఉడకబెడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, కడిగిన కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు, పచ్చి వరి ఊక ఒక పాలు కలపండి. నల్లరేగడి వద్దు. రైస్‌మిల్లుల దగ్గర ఊరికే దొరుకుతుంది కదా అని ఊక బూడిద కలుపుతారు, అది క్షారం. ఈ మొక్కకి మట్టి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 5.6 నుంచి 6.5 మధ్య ఉండాలి.

ఇప్పుడు మీ మాడిన అంచుల సంగతి. మన ప్రాంతంలో రాస్ప్‌బెర్రీని ఎక్కువగా చంపేవి నీళ్ళే. ఈ మొక్క ఉప్పుకి ఏమాత్రం ఓర్చుకోదు. తీరం వెంట బోర్లు ఉప్పు, కనిగిరి, పొదిలి వైపు బోర్లు ఫ్లోరైడు, గట్టి నీళ్ళు. ఒక్కసారి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) మీటరు పెట్టి చూడండి. 350 లోపుంటే పర్వాలేదు. 700, 800 ఉంటే ఆ నీళ్ళతో ఎన్ని మందులు వేసినా ఉపయోగం లేదు. వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోండి, చాలకపోతే సగానికి సగం బోరు నీళ్ళు కలపండి. ఆర్వో మిషను నుంచి వృథాగా పోయే నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఉప్పంతా వాటిలోనే పోగవుతుంది. నీళ్ళు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది మొక్కని చంపుకుంటున్నారు.

ఏ ఆకు చెడిందో చూస్తే కారణం తెలుస్తుంది. కింది ముదురాకుల అంచులు గోధుమరంగులో మాడి, గీత గీసినట్టు ఆగితే ఉప్పు. పై లేతాకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం, మట్టి పీహెచ్ ఎక్కువైనప్పుడు ఇలా అవుతుంది. మొదటిదానికి ఒక్కో కుండీకి 80 నుంచి 100 లీటర్ల వాన నీళ్ళు రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా పోసి, అడుగు నుంచి కారనివ్వండి. రెండోదానికి లీటరుకి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. వేరుశనగకి చెప్పే 5 గ్రాముల మోతాదు ఈ లేతాకుని మాడుస్తుంది. మట్టిలో వేయాలంటే క్షార నేలలోనూ మొక్కకి అందే ఇనుము మందు ఐరన్ ఈడీడీహెచ్ఏ తీసుకోండి, క్షార నేలలో అన్నభేది వేసిన కొద్ది రోజులకే బిగుసుకుపోతుంది. నిమ్మరసం పిండి పోస్తే పీహెచ్ దిగుతుంది గానీ నిలవదు, మట్టిలోని సూక్ష్మజీవులు ఆ పులుపుని తినేస్తాయి. నిలకడగా దిగాలంటే కుండీకి 15 గ్రాముల గంధకం పొడి కలిపి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఎరువుగా వారానికోసారి లీటరుకి 1 గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే నీటిలో కరిగే ఎరువు). మొగ్గ కనబడ్డాక పొటాష్ అవసరమే, కానీ మామూలు ఎర్ర పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది కనుక సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

స్వాతి, విశాఖ కార్తెల వానలప్పుడు కుండీలు ఇటుకల మీదకెత్తి, పైన పాలిథీన్ కప్పు వేయాలి. వేరు ఒక్క రోజు నీళ్ళలో నానినా ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్ళు తెగులు పట్టొచ్చు. అప్పుడు తడి ఉన్నా పిలక తల వేలాడేస్తుంది, మొదలు దగ్గర బెరడు గోకితే లోపల ఇటుక రంగు కనిపిస్తుంది. ఆ కుండీని మట్టితో సహా తీసేయండి, పక్కవి దక్కుతాయి.

నవంబరు నుంచి జనవరి దాకా నెట్ వద్దు, పూర్తి ఎండ కావాలి. ఫిబ్రవరి నడుమ నుంచి 50 శాతం నెట్ కట్టండి. ఆలస్యమైతే పండులో ఎండ తగిలిన వైపు రసం నిండిన చిన్న గుళికలు తెల్లగా పాలిపోతాయి. నీళ్ళు కుండీకి చలికాలంలో రోజుకి లీటరున్నర, ఏప్రిల్ నుంచి ఉదయం సాయంత్రం కలిపి నాలుగు లీటర్లు. వేర్లు పైపైనే ఉంటాయి కనుక వేరుశనగ పొట్టు మూడు అంగుళాల మందాన పరచండి, మొదలుకి తగలకుండా. మార్చిలో ఆకు అడుగున ఎర్రనల్లి గూళ్ళు కడుతుంది, నీటి ధారతో అడుగు వైపే కడగాలి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టొచ్చు గానీ 33, 34 డిగ్రీలు దాటిన రోజున వద్దు, ఆకు కాలుతుంది.

రోహిణి కార్తె దాటించడమే కష్టం. కాపు అయిపోగానే ప్రైమోకేన్ కర్రలని మట్టి మట్టంగా కోసి, కుండీలని ఇంటి తూర్పు నీడకి దించేయండి. మైసూరు రకానికి కాసిన కర్రలు మాత్రమే కోయాలి. అన్నీ కోసేస్తే కాపు వెనకబడుతుంది.

పూత వేళ తేనెటీగలని అడ్డుకునే దోమతెర కట్టకండి. తేనెటీగ సరిగా వాలకపోతే పండు ఒకవైపే నిండి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. పండిందో లేదో రంగు చూసి తేల్చొద్దు. రెండు వేళ్ళతో మెల్లగా లాగితే తెల్లటి బొడ్డు కాడకే ఉండిపోయి, పండు గుల్ల టోపీలా చేతికి రావాలి. బలవంతంగా లాగాల్సి వస్తే ఇంకొక రోజు ఆగండి, కోశాక అది మగ్గదు. తెల్లవారుజామున కోసి, కడక్కుండా ఒకే వరసలో పేర్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటుంది.