స్తూపమా, స్థూపమా, వీరగల్లా?

సందేహం: అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం వార్తలో ఒక పత్రిక ‘అమరవీరుల స్తూపం’ అనీ, ఇంకో పత్రిక ‘స్థూపం’ అనీ రాశాయి. ఏది సరైనది? ఢిల్లీలోని జాతీయ పోలీసు స్మారకం పెద్ద రాతి శిల్పం కదా, దాన్ని స్తూపం అనవచ్చా?

సమాధానం: స్తూపమే సరైనది. స కింద తవత్తే గానీ థవత్తు కాదు. స్థలం, స్థానం, స్థాపన అలవాటైన చేతికి ఇక్కడా ఆ థవత్తే పడుతోంది. స్తంభాన్ని కూడా ‘స్థంభం’ చేసేశారు. ఫ్లెక్సీ మీది తప్పు నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది, రాతి మీద చెక్కిన తప్పు తరాల పాటు ఉంటుంది. చెక్కించే ముందు ఒకసారి నిఘంటువు తిరగెయ్యలేరా? శిలాఫలకాల మీద ‘జ్ఞాపకార్ధం’ అని కూడా కనిపిస్తుంటుంది. అర్ధం అంటే సగం. ప్రాణాలిచ్చిన మనిషికి చెయ్యాల్సిన మర్యాదా ఇది? ‘జ్ఞాపకార్థం’ అని రాయాలి.

ఇక మీ రెండో ప్రశ్న. స్తూపం అంటే దిబ్బలా ఎత్తుగా పేర్చిన కట్టడం. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలు అలాంటివి. ఢిల్లీ శిల్పం ఆ కోవలోది కాదు. అద్వైత గడనాయక్ రూపొందించిన ఆ నల్ల గ్రానైటు రాయి ఎత్తు 30 అడుగులు, బరువు 238 టన్నులు. పైగా ఏకశిల. ఏకశిల అనగానే మనకు ఓరుగల్లు గుర్తుకు రావాలి. కల్లు అంటే రాయి. ఆ కల్లే వీరగల్లులోనూ ఉంది.

వీరగల్లు ఎంత మంచి మాట! పోరులో పడిపోయినవాడి కోసం ఊరు నిలబెట్టే రాయి అది. చాలా వీరగల్లుల మీద మూడు అరలుంటాయి. కింది అరలో కత్తి ఎత్తిన వీరుడు. నడిమి అరలో అతన్ని చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పై అరలో శివలింగం ముందు కూర్చున్నది ఆ వీరుడే. ‘అమరుడు’ అన్న మాటకు ఇంతకన్నా మంచి వివరణ నేనెక్కడా చూడలేదు. అమరులంటే దేవతలు, వాళ్లలో కలిసినవాడు అమరుడు. రాయలసీమలో పాత తెలుగు శాసనాలు కొన్ని ఇలాంటి రాళ్ల మీదే దొరికాయి. పల్నాటి కారంపూడిలో వీరుల గుడిలో ఇప్పటికీ రాళ్లకు పూజలు చేస్తారు.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల దాడిలో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఈ సంస్మరణ దినం వాళ్ల పేరిట మొదలైందే. 2018లో అదే తేదీన ప్రారంభించిన ఢిల్లీ స్మారకంలో గోడ మీద వేల మంది పోలీసుల పేర్లు చెక్కారు. వీరుడి కోసం రాయి నిలిపి, పేరు రాతికెక్కించడం మన పాత వీరగల్లు పద్ధతే.

కాబట్టి నేనైతే ఆ శిల్పాన్ని వీరగల్లు అంటాను. ‘స్మారక శిల’ అన్నా బాగుంటుంది. అలాగని ‘స్తూపం’ తప్పని కొట్టెయ్యను. హైదరాబాదు గన్‌పార్కులో, ఇంద్రవెల్లిలో ఉన్న అమరవీరుల స్మారకాలను జనం ఏళ్లుగా స్తూపమనే అంటున్నారు. అన్ని నోళ్లలో నిలిచిన మాటను కాదనడానికి నాకు మనసొప్పదు. ఆ థవత్తు ఒక్కటి తీసేస్తే చాలు.