కొత్త ఎడిటర్‌కి ఓ ఉత్తరం

అమ్మాయీ, ఆశీస్సులు.

పరిశోధనా జర్నల్ బాధ్యత ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. వచ్చే పరిశోధనా పేపర్ల మంచిచెడ్డలు తేల్చడం నీకు ఒకరు నేర్పక్కర్లేదు. నిద్ర చెడగొట్టేది ఆ తర్వాత వచ్చే ఉత్తరాలే.

"నా పేపర్ని అన్యాయంగా రిజెక్ట్ చేశారు" అంటే అది అప్పీల్. "నెలల తరబడి జవాబు లేదు", "పేపర్ని పరిశీలించిన రివ్యూయర్ నోటికొచ్చినట్టు రాశాడు", "మీరు అచ్చేసిన పేపర్లో పట్టిక నాది" అనేవి ఫిర్యాదులు. రెంటినీ ఒకే గాటన కట్టకు.

అప్పీల్‌లో కోపాన్ని పక్కన పెట్టి ఆధారం వెతుకు. "ఇన్నేళ్ల సర్వీసున్న నన్నే కాదంటారా" అనే ఉత్తరంలో చూడాల్సింది ఏమీ ఉండదు. అదే "శాంపిల్ 40 మందే అన్నారు, రెండో పట్టిక చూడండి, 400" అని రాశారనుకో, వెంటనే ఫైలు తెరువు. ఆ మాట నిజమైతే పేపర్ని కొత్త రివ్యూయర్‌కి పంపు. రిజెక్ట్ చేసిన ఎడిటర్ చేతికి మాత్రం ఆ అప్పీల్ వెళ్లకూడదు. ఒక పేపర్‌కి ఒక్క అప్పీలే అని నియమాల్లో ముందే రాసి పెట్టు. లేకపోతే కొందరు ఏడాది పొడుగునా వదలరు.

మొదటి జవాబు ఆలస్యం చెయ్యకు, పొడుగ్గానూ రాయకు: "మీ అప్పీల్ అందింది. మొదటి నిర్ణయంతో సంబంధం లేని ఎడిటర్ చూస్తారు. ఫలానా తేదీలోగా తెలియజేస్తాం." సగం వేడి ఆ తేదీతోనే చల్లారుతుంది.

మనవైపు పీహెచ్‌డీలూ ప్రమోషన్లూ పేపర్లతో ముడిపడి ఉన్నాయి కదా, ఫోన్లు వస్తాయి. తెలిసినవాళ్ల చేత చేయిస్తారు. "మెయిల్ పెట్టండి సార్" అని పెట్టేయ్. మొహమాటపడి రివ్యూయర్ పేరు మాత్రం నోరు జారకు.

"రచయితల్లోంచి నా పేరు తీసేశారు" అనే తగాదాలో నువ్వు జడ్జివి కాలేవు. రచయితలందరి దగ్గరా రాతపూర్వకంగా వివరణ తీసుకో. తేలకపోతే వాళ్ల యూనివర్సిటీకి రాయి.

అచ్చయిన పేపర్ మీద ఫిర్యాదొస్తే, ఎవరు రాశారన్నది తర్వాత, ఏం రాశారన్నది ముందు. ఆకాశరామన్న ఉత్తరమైనా సరే. పిల్లలకి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ లంకె పెట్టిన 1998 నాటి పేపర్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! ఈలోగా ఎందరు తల్లిదండ్రులు పిల్లలకి టీకా మానేశారో. అదే పత్రిక 2020 మే 22న కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద వేసిన పేపర్ విషయంలో, శాస్త్రవేత్తలు డేటా ఏదని నిలదీశాక, జూన్ 4కల్లా రిట్రాక్షన్, అంటే పేపర్ని వెనక్కి తీసుకుంటున్నట్టు, ప్రకటించింది. డేటా ఇచ్చిన కంపెనీ దాన్ని బయటివాళ్ల ఆడిట్‌కి చూపించలేదని రచయితల్లో ముగ్గురు తామే ఆ పేపర్ని వెనక్కి తీసుకున్నారు. అంచేత ఇలాంటి ఫిర్యాదు రాగానే నువ్వు అడగాల్సింది ముడి డేటా. అది తేలేలోపు అవసరమైతే ఈ పేపర్ మీద సందేహాలున్నాయని పాఠకులకి చెప్పే "ఆందోళన ప్రకటన" వెయ్యి, కానీ రచయితల వాదన వినకుండా రిట్రాక్ట్ చెయ్యకు.

1997లో బ్రిటన్‌లో మెడికల్ జర్నళ్ల ఎడిటర్లు మొదలుపెట్టిన "కోప్" (ప్రచురణల్లో నైతికత చూసే కమిటీ) అనే సంస్థ ఇలాంటి సందర్భాల్లో ఏ అడుగు తర్వాత ఏ అడుగో బొమ్మలు గీసి పెట్టింది. ప్రింట్ తీసి బల్ల దగ్గర ఉంచుకో. నీ మీదే ఫిర్యాదొస్తే దాన్ని నువ్వు ముట్టుకోకు, ఎడిటోరియల్ బోర్డులో ఇంకొకరికో పబ్లిషర్‌కో అప్పగించు. మీ జర్నల్‌కి కోప్ సభ్యత్వం ఉంటే, మీ దగ్గర తేలని ఫిర్యాదుని కోప్ దాకా తీసుకెళ్లొచ్చని ఫిర్యాదుదారుకి నువ్వే చెప్పు. వాళ్లు నీ నిర్ణయాన్ని తిరగరాయరు, పద్ధతి ప్రకారం నడిచావా లేదా అని చూస్తారు. కాబట్టి ప్రతి మెయిలూ తేదీతో సహా దాచి ఉంచు.