రక్తహీనత ఉంటే గ్రీన్ టీ మంచిదా?

ప్రశ్న: నా వయసు 41. మాది పాలకొల్లు దగ్గర పల్లె. హిమోగ్లోబిన్ 9.1 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలుగా ఉదయం టిఫిన్ కాగానే టీతో పాటు వేసుకుంటున్నాను. అయినా 9.3 దాటలేదు. రోజుకు అయిదారు టీలు తాగుతాను. పాల టీ మానేసి గ్రీన్ టీ గానీ, బెల్లం టీ గానీ తాగితే రక్తం పడుతుందా? గ్రీన్ టీ బాగా చేదుగా ఉంటోంది, ఎలా కాచుకోవాలి?

జవాబు: మాత్రను టీతో పాటు వేసుకోవడమే ఇక్కడ పెద్ద చిక్కు. టీలో వగరునిచ్చే టానిన్లు ఐరన్‌తో కలిసిపోయి, పేగుల్లోంచి దాన్ని రక్తంలోకి వెళ్లనివ్వవు. మాత్రలోని ఐరన్‌కే కాదు, మీరు తినే తోటకూర, గోంగూర, పెసరట్టులోని ఐరన్‌కూ ఇదే గతి. అందుకే భోజనానికి ముందు, తర్వాత కనీసం గంటసేపు టీ, కాఫీలు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

గ్రీన్ టీకి మారితే ఈ ఇబ్బంది తీరదు. మామూలు టీ పొడి, గ్రీన్ టీ, ఊలాంగ్, వైట్ టీ అన్నీ ఒకే జాతి మొక్క ఆకులు. ఆకును నలిపి గాలి తగలనిస్తే నల్లబడి, మన ఇళ్లలో వాడే పొడి అవుతుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టో, వేయించో ఆ మార్పును ఆపేస్తే గ్రీన్ టీ. రంగు, రుచి మారతాయి గానీ ఐరన్‌ను అడ్డుకునే గుణం పోదు. పాలు పోసినా అంతే. బెల్లం టీ మీద మన జిల్లాల్లో చాలామందికి నమ్మకం ఉంది. చెంచాడు బెల్లంలో ఉండే ఐరన్ కొద్దిపాటిది, అదీ టీ ఆకుతో కలిసేసరికి ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. తీపి విషయంలో అది చక్కెర లాంటిదే.  

చేదు పోవాలంటే గ్రీన్ టీని పొయ్యి మీద మరిగించకండి. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి, మూత తీసి నాలుగైదు నిమిషాలు ఉంచండి. అప్పుడు గ్లాసు నీళ్లకు చిన్న చెంచాడు ఆకు వేసి, రెండు మూడు నిమిషాల్లో వడకట్టేయండి. మామూలు పొడికి సలసల మరిగే నీళ్లే కావాలి, కానీ మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. ఉదయం కాచిన గిన్నెలోనే మళ్లీ పాలు, నీళ్లు పోసి, మరికాస్త పొడి వేసి సాయంత్రం దాకా మరిగించే అలవాటు చాలా ఇళ్లలో చూస్తాను. అలా చేసేకొద్దీ వగరు పెరుగుతుంది, రుచి చెడుతుంది. దయచేసి మానుకోండి. పొగలు కక్కే టీ గొంతులో పోసుకోవడమూ మంచిది కాదు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కాగల వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చేర్చింది.

మీరు టీ పూర్తిగా మానక్కర్లేదు. ఉదయం లేవగానే పరగడుపున మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. నిమ్మలోని విటమిన్ సి ఐరన్ పట్టడానికి సాయపడుతుంది. కడుపులో వికారంగా ఉంటే కాస్త తిన్నాక వేసుకోవచ్చు, టీతో మాత్రం వద్దు. టిఫిన్ అయిన గంటకు మొదటి టీ, మధ్యాహ్నం నాలుగింటికి రెండోది, తక్కువ చక్కెరతో. అయిదారు టీలకు రెండేసి చెంచాల చొప్పున చక్కెర వేసుకుంటే రోజుకు దాదాపు 50 గ్రాములవుతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మాత్ర వల్ల.

ఇలా నెల రోజులు వాడాక హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే తప్పు టీది కాకపోవచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో చూసుకోవాలి. చెప్పులు లేకుండా పొలం మట్టిలో తిరిగేవారికి పేగుల్లో చేరే కొంకి పురుగులు కూడా రక్తం తగ్గిస్తాయి. మీ డాక్టర్‌తో మాట్లాడి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, మల పరీక్షలు చేయించుకోండి. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ ఉంటే నెల ఆగకుండా ఇప్పుడే వెళ్లండి.