రేగట్లో పదును చూసే ముందు

చిట్టితల్లీ,

ఈ ఏడు ఆరెకరాలూ నువ్వే సేద్యం చేస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గుండె నిండిపోయింది, నిద్ర మాత్రం పట్టలేదు. రేగట్లో, అదే నల్లమట్టిలో, పత్తి అన్నావట. విత్తే ముందు పదును, అంటే నేలలో చాలినంత తేమ, ఎలా చూడాలో చెబుదామనే ఈ ఉత్తరం.

పారతో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టి పిడికెడు తీసి నొక్కు. మెరకన, పల్లాన, నడుమ మూడు చోట్లా చూడు. గట్టు పక్కన వద్దు.

చల్కలో, అంటే ఇసుక కలిసిన ఎర్రమట్టిలో, మట్టి ఉండ కట్టి, వేళ్ల అచ్చు పడి, చేతికి చెమ్మ అంటితే నేల మొక్కకు ఇవ్వగల తేమలో సగానికి పైనే ఉన్నట్టు. ఎగరేసి పట్టుకుంటే విడిపోయిందా, తక్కువన్నమాట.

మోసమంతా రేగడితోనే. ఆ సన్నటి బంకమట్టి నీటిని పట్టుకుని వేరుకు అంత తేలిగ్గా వదలదు. పావు వంతు తేమ దాటితే చాలు, ఉండ కట్టేస్తుంది. చల్కకు అలవాటైన చెయ్యి అది చూసి పదునైందనుకుంటుంది. నువ్వు ఉండతో ఆగకు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి ముందుకు తోస్తూ పట్టీలా సాగదియ్యి. రెండంగుళాలు తెగకుండా సాగి వేళ్లకు కొద్దిగా మరక పడితే పదునే. పెళుసుగా తునిగితే ఆగు. మెరుస్తూ జారుతుంటే అదీ వద్దు, ఆరనియ్యి. ఆ తడిలో ట్రాక్టరు దింపితే నేల గట్టిపడి బెడ్డలు లేస్తాయి.

నా భయమంతా మొదటి వాన గురించే. ఇరవై మిల్లీమీటర్లు పడగానే పైన రెండంగుళాల మట్టి చెప్పులకు గడ్డలుగా అంటుతుంది, జనం విత్తన ప్యాకెట్లు విప్పేస్తారు. జానెడు కింద చూస్తే పొడి నేల! గింజ ఉబ్బి మొలకెత్తుతుంది. వేరు దిగి ఆ పొడిమట్టిని తాకుతుంది. వారం పది రోజులు వాన మొహం చాటేసిందా, మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ కూలి. రేగట్లో 60-75 మిల్లీమీటర్లు పడేదాకా గింజ వెయ్యకు. పక్కవాళ్లు వేస్తున్నారని తొందరపడ్డావో, నేనే వచ్చి సంచి లాక్కుంటా.

పూతకొచ్చాక అడుగున్నర లోతు మట్టి చూడు. పైన నెర్రెలిచ్చినా కింద పట్టీ సాగుతుంటే నీళ్లకు కంగారొద్దు.

నెర్రెల్లో మాత్రం చెయ్యి పెట్టకు తల్లీ. పాములు చల్లదనానికి అక్కడే చేరతాయి. పారతోనే తవ్వు, బూట్లు వేసుకో.

మీ పెద్దనాన్న