మా అమ్మాయి చర్చికి రానంటోంది, ఆ వయస్సు వాళ్లెవరూ రావడం లేదు

ప్రశ్న: నా వయస్సు 54 సంవత్సరాలు. మా సంఘంలో చాలాకాలంగా సంఘ పెద్దగా పరిచర్య చేస్తున్నాను. మాకు ఒక్కతే అమ్మాయి. ఆమెకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తోంది. సండేస్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్ల, క్వయర్‌లో పాడిన పిల్ల, ఏడాదికి పైగా మా ఆరాధనకు రావడం లేదు. గట్టిగా అడిగితే “అక్కడ నేను మీ కూతుర్ని మాత్రమే నాన్నా, నేనెవరో ఎవరికీ అక్కర్లేదు” అంది. అప్పుడప్పుడు స్నేహితురాలితో కలిసి వేరే సంఘానికి వెళ్తోందని ఈమధ్యే తెలిసింది. మా సంఘంలో ఇరవైల్లో ఉన్నవాళ్లు దాదాపు కనబడడం లేదు. వాళ్లను తిరిగి రప్పించే బాధ్యతను పాస్టరుగారు నాకే అప్పగించారు. మంచి సౌండ్ సిస్టమ్, కొత్త వాద్యాలు కొని నెలకొకసారి యూత్ నైట్ పెడదామని కమిటీలో కొందరంటున్నారు. సొంత బిడ్డనే నిలుపుకోలేనివాడిని, ఈ పని ఏ ముఖంతో చేయను? అమ్మాయిని ఆ సంఘానికి వెళ్లవద్దని చెప్పవచ్చునా?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో రెండు భారాలు కలిసిపోయి ఉన్నాయి. కూతురు దూరమవుతోందన్న తండ్రి దుఃఖం ఒకటి, తన ఇంటి సంగతి చూసి సంఘం ఏమనుకుంటుందోనన్న పెద్దమనిషి భయం మరొకటి. రెండూ నిజమైన బాధలే. కానీ అవి విడివడనంతకాలం, మీరు ఎంత ప్రేమగా పిలిచినా అమ్మాయి చెవికి “నువ్వు రాకపోతే నా పరువు పోతోంది” అన్నట్టే వినబడుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో సంఘాన్ని చూసుకునేవాడు ముందు తన ఇంటిని చక్కగా నడుపుకోవాలని ఉన్న మాట మిమ్మల్ని పొడుస్తూ ఉండవచ్చునని ఊహిస్తున్నాను. సొంత సంపాదనతో, సొంత మనస్సాక్షితో బతుకుతున్న 24 ఏళ్ల మనిషికి హాజరు పట్టీ వేయమని ఆ మాటకు అర్థం అని నేననుకోను. పైగా అబద్ధమాడి తప్పించుకోకుండా, తనకు ఏం లోటుగా ఉందో తండ్రి ముఖం మీద చెప్పగలిగిన బిడ్డ మీ ఇంట్లో ఉంది. అటువంటి ధైర్యం భయపెట్టి పెంచిన ఇళ్లలో కనబడదు.

ఇక ఆమె చెప్పిన మాట చూద్దాం. చాలా సంఘాలలో పిల్లలకు సండేస్కూలు ఉంటుంది, టీనేజీ వాళ్లకు యూత్ కూడిక ఉంటుంది, పెళ్లయినవాళ్లకు కుటుంబాల కూడిక ఉంటుంది. పద్దెనిమిది దాటి ఇంకా పెళ్లికానివారికి, చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి, అప్పుడే మొదటి జీతం అందుకున్నవారికి అక్కడ చోటేదీ ఉండదు. వాళ్లు ఎవరి కొడుకు, ఎవరి కూతురు అన్నదానితోనే గుర్తింపబడతారు. లేదా ఎవరిని పెళ్లి చేసుకోబోతున్నారన్నదానితో. ఆదివారం పలకరించినవారంతా ఆ రెండు ప్రశ్నలే అడిగితే, తన పని గురించి, తన ఆలోచనల గురించి, తనకు నిద్రపట్టని రాత్రుల గురించి అడిగేవారొక్కరూ లేకపోతే, “నేనెవరో ఎవరికీ అక్కర్లేదు” అనడంలో అతిశయోక్తి లేదు.

ఇది మీ ఇంటికో, మీ సంఘానికో మాత్రమే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో లైఫ్‌వే రీసెర్చ్ అనే సంస్థ 2017లో 23 నుంచి 30 ఏళ్ల మధ్య వయస్సున్న 2,002 మందిని ప్రశ్నించి, ఫలితాలను 2019లో వెల్లడించింది. టీనేజీలో కనీసం ఒక ఏడాది క్రమంగా ప్రొటెస్టెంట్ చర్చికి వెళ్లినవారిలో 66 శాతం మంది, 18 నుంచి 22 ఏళ్ల మధ్యలో కనీసం ఏడాదిపాటు మానేశారని అందులో తేలింది. అది ఒక దేశపు లెక్క కాబట్టి ఆ అంకెను మీ సంఘానికి అతికించవద్దు. వాళ్లు చెప్పిన కారణాలు మాత్రం మీకు పనికివస్తాయి. కాలేజీ చదువుకోసం వేరేచోటికి వెళ్లడం 34 శాతం, సంఘస్థులు తీర్పు తీర్చేవారుగానో వేషధారులుగానో అనిపించడం 32 శాతం, సంఘంలోని మనుషులతో తమకు అనుబంధం లేదనిపించడం 29 శాతం. ముందువరుసలో నిలిచిన ఈ మూడింటిలో వాద్యాల ప్రస్తావన లేదు. మానేసినవారిలో ఎక్కువమంది తాము ముందుగా నిర్ణయించుకుని మానలేదని కూడా చెప్పారు. ఒక ఆదివారం కుదరలేదు, మరుసటి వారం లేవలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. అలా అలా నెలలు గడిచిపోయాయి. జారిపోయినవారిని తిరుగుబాటుదారులుగా చూసి మాట్లాడే సంఘం, వారికి లేని కోపాన్ని వారికి నేర్పుతుంది.

మీ సంఘంలో ద్వారం దగ్గర ఏం జరుగుతోందో వచ్చే కొన్ని ఆదివారాలు గమనించి చూడండి. ఆరు నెలల తర్వాత ఒక అమ్మాయి ధైర్యం కూడగట్టుకుని, ఆరాధన మొదలయ్యాక, వెనుక వరుసలో కూర్చుందామని వస్తుంది. స్వాగతం చెప్పే పెద్దాయన చనువుకొద్దీ “ఏమ్మా, ఇన్నాళ్లకు దేవుడు గుర్తొచ్చాడా?” అంటాడు. పక్కనున్నవారు నవ్వుతారు. ఆయనకు ఆ పిల్లంటే నిజంగా ప్రేమే. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడే. ఆ అమ్మాయికి మాత్రం తాను రాని వారాలన్నీ అక్కడ ఎవరో లెక్కపెట్టి ఉంచారని ఒక్క క్షణంలో అర్థమైపోతుంది. ఆ తర్వాత చివరి ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకోగానే ఆమె లేచి వెళ్లిపోతుంది. “వచ్చావా, నిన్ను చూసి సంతోషంగా ఉంది, నా పక్కన కూర్చుంటావా?” అని మాత్రం అంటే చాలు. ఎందుకు రాలేదని అడిగే హక్కు ఆ రోజు ఎవరికీ లేదు. పాస్టరుగారితో మాట్లాడి, ద్వారం దగ్గర నిలబడేవారికి ఈ ఒక్క సంగతి నేర్పించడం మీరు చేయవలసిన మొదటి పనులలో ఒకటి.

అంతకన్నా ముందు అమ్మాయితో మాట్లాడండి. శనివారం రాత్రిగానీ ఆదివారం ఉదయంగానీ వద్దు. ఆ సమయాల్లో ఏం మాట్లాడినా రమ్మని ఒత్తిడి చేసినట్టే ఉంటుంది. వేరే రోజున, ఆమెకు తీరిక ఉన్నప్పుడు, “నువ్వు ఆ రోజు చెప్పిన మాట నేను సరిగా వినలేదనిపించింది, మళ్లీ చెప్తావా?” అని అడగండి. ఆమె చెప్తున్నంతసేపూ సంఘం తరఫున వకాల్తా పుచ్చుకోకండి. ఎవరి గురించైనా కటువుగా మాట్లాడితే “వాళ్ల ఉద్దేశం అది కాదమ్మా” అనాలని మీ నాలుక చివరిదాకా వస్తుంది; అక్కడే ఆగండి. ఆమె చెప్పడం అయ్యాక వెంటనే ప్రార్థన చేద్దామని ముగించకండి. ప్రార్థన మంచిదే అయినా, ఇష్టంలేని సంభాషణను ముగించడానికి పెద్దలు దాన్ని వాడుకుంటారని పిల్లలు చాలా తొందరగా కనిపెడతారు.

ఒక ప్రశ్న మాత్రం నెమ్మదిగా, స్పష్టంగా అడగండి: “అక్కడ నిన్ను ఎవరైనా బాధపెట్టారా?” చాలావరకు జవాబు చిన్నచిన్న అవమానాల గురించే ఉండవచ్చు. కానీ ఎవరైనా హద్దు మీరి ప్రవర్తించారని, వేధించారని చెప్తే, ఆ మనిషి ఎంతటి సేవ చేస్తున్నవాడైనా సరే, ముందు ఆమె మాట నమ్మండి. సంఘం పేరు చెడుతుందని దాన్ని లోలోపల సర్దుబాటు చేయడానికి ఒప్పుకోకండి. ఫిర్యాదు చేయాలనుకుంటే తోడు నిలవండి. అలాగే ఆమెలో చాలా వారాలుగా నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని లేదన్న మాటలు కనబడితే, ప్రార్థనతోపాటు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి. అటువంటి స్థితిలో ఉన్నవారితో విశ్వాసం తక్కువైందని చెప్పడం క్రూరత్వం.

ఇక సంఘం సంగతి. సౌండ్ సిస్టమ్ పాడై ఉంటే కొనండి, వినబడడం అందరికీ అవసరమే. యువతను రప్పించడానికి కొంటున్నామంటే మాత్రం ఆ డబ్బు వృథా అని నా నిశ్చితాభిప్రాయం. మంచి వినోదం వారికి బయట మీకన్నా బాగా దొరుకుతుంది. తమను పేరుతో ఎరిగి, తమకన్నా ముప్పై ఏళ్లు పెద్దవారై ఉండి, తమ మాటకు విలువనిచ్చే మనుషులు బయట అంత సులువుగా దొరకరు. సంఘం దగ్గర ఉన్న సంపద అదే, మీరు ఖర్చుపెట్టవలసిందీ అదే.

యువత అంటే మనం ఏర్పాటు చేసిన కార్యక్రమానికి వచ్చి కూర్చోవలసినవారు అన్న అలవాటు క్రైస్తవ చరిత్రకు సరిపోదు. 1844లో లండన్‌లో, పని వెతుక్కుంటూ నగరానికి వచ్చిన యువకుల దుస్థితి చూసి వై.ఎం.సి.ఏ.ను (యువకుల క్రైస్తవ సంఘాన్ని) ప్రారంభించిన జార్జ్ విలియమ్స్ అప్పటికి 22 ఏళ్ల బట్టల దుకాణం ఉద్యోగి. తోటి ఉద్యోగులతో కలిసి చేసిన ప్రార్థన కూడికల నుంచే అది పుట్టింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1881లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండెవర్ సొసైటీని మొదలుపెట్టినప్పుడు, కూడికలు నడిపే పనిని, కమిటీల పనిని యువజనులకే అప్పగించారు. అది అనేక దేశాలకు పాకడానికి ఆ నమ్మకం ఒక ముఖ్య కారణమని నేననుకుంటాను.

మీ సంఘంలో సౌండ్ బోర్డు దగ్గర కూర్చునే కుర్రాడెవరైనా మిగిలి ఉన్నాడేమో చూడండి. అతడు అందరికన్నా ముందు వచ్చి వైర్లు పరుస్తాడు, అందరూ వెళ్లాక చుట్టి పెడతాడు, కుర్చీలు మోస్తాడు. కొత్త యంత్రం కొనాలా వద్దా అని కమిటీ కూర్చున్నప్పుడు అతణ్ని ఎవరూ పిలవరు. అతడు ఒళ్లు వంచి పనిచేయడానికి సంఘానికి కావాలి, ఆలోచన చెప్పడానికి అక్కర్లేదు. కానుకల లెక్క చూసేచోట, సహాయం ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేచోట, వాక్యం చదివేచోట, వర్తమానం (ప్రసంగం) తర్వాత ప్రశ్నలు అడిగేచోట ఇరవైల్లో ఉన్న ఇద్దరు ముగ్గురిని ఓటుతో సహా కూర్చోబెట్టండి. వాళ్లు కొన్నిసార్లు పొరపాటు నిర్ణయాలు తీసుకుంటారు. పెద్దలు తీసుకోలేదా?

మీకు అప్పగించిన బాధ్యతను ఇలా మొదలుపెట్టమని నా సలహా. సంఘం పుస్తకంలో 18 నుంచి 30 ఏళ్ల మధ్యవారి పేర్లు, వచ్చేవారివీ మానేసినవారివీ, రాసుకోండి. ఒక్కొక్కరికి ఒక పెద్దవారిని, వారి తల్లిదండ్రులు కానివారిని, జతచేయండి. వారు ఉపదేశించనక్కర్లేదు, అప్పుడప్పుడు కలవాలి, ఇంటర్వ్యూ ఉందంటే మరునాడు ఎలా జరిగిందని అడగాలి. రాత్రి షిఫ్టులో, ఆదివారాల్లో పనిచేసేవారు ఆరాధన వేళకు రాలేరు కాబట్టి, వారంలో మరో సాయంత్రం ఎవరి ఇంట్లోనైనా చిన్న గుంపుగా కూడుకునే వీలుండాలి. చదువుకో ఉద్యోగానికో ఊరు మారేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ముందు వరుసకు పిలిచి ప్రార్థన చేసి పంపించివేయడంతో పని అయిపోదు. వారి అనుమతితో అక్కడి సంఘ కాపరికి ఫోన్ చేసి చెప్పాలి, మొదటి నెలలో తరచుగా మాట్లాడాలి. కొత్తచోట మొదటి ఆదివారాలు ఎలా గడుస్తాయన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఒక విషయంలో మీరు సంఘ పెద్దగా గట్టిగా నిలబడాలి. యువత ఎవరితోనైనా నమ్మి చెప్పుకున్న సంగతి, రెండు రోజుల్లో ప్రార్థనాంశంగా మారి సంఘమంతా తిరుగుతుంది. “ఫలానా వారి అబ్బాయి గురించి ప్రార్థన చేయండి, వివరాలు చెప్పకూడదు గానీ…” అని మొదలయ్యే మాటను మీరూ వినే ఉంటారు. ఒక్కసారి అలా జరిగితే ఆ కుర్రాడే కాదు, అతడి స్నేహితులందరూ నోరు కట్టేసుకుంటారు. చెప్పినవారి అనుమతి లేకుండా ఏ సంగతీ ప్రార్థన కూడికలో చెప్పకూడదని పెద్దలంతా కలిసి నియమం పెట్టుకోండి; మొదట మీ ఇంటి విషయంలో పాటించండి. మీ అమ్మాయి రావడం లేదని ఇప్పటికే కూడికలో ప్రార్థన అడిగి ఉంటే, ఆ సంగతి ఆమెకు చెప్పి క్షమాపణ అడగండి.

సందేహాలు అడిగేవారి విషయంలోనూ అంతే. బాధ ఎందుకు, సైన్సుకూ సృష్టికీ పొసగదా, సంఘంలో డబ్బు ఎవరికి లెక్క చెప్తుంది అన్న ప్రశ్నలకు “విశ్వాసంతో ఒప్పుకో” అని కొట్టిపారేస్తే వాళ్లు ప్రశ్నను మానరు, మిమ్మల్ని అడగడం మానతారు. తెలియనిచోట తెలియదని చెప్పి, కలిసి చదువుదామని అనే పెద్దలను వారు చాలా గౌరవిస్తారు.

చివరగా, ఆ వేరే సంఘం సంగతి. అమ్మాయిని వెళ్లవద్దని చెప్పకండి. అక్కడి బోధ మోసకరమైనదని, అక్కడివారు డబ్బు కోసమో మనుషుల్ని ఇంటివారినుంచి విడదీయడానికో ఒత్తిడి చేస్తున్నారని తెలిస్తే అది వేరే మాట. అప్పుడు నిర్భయంగా హెచ్చరించాలి. లేకపోతే, విశ్వాసాన్ని వదిలేయకుండా తనకు తానుగా దేవుని వెతుక్కుంటూ వెళ్తున్న బిడ్డను అడ్డుకోవడానికి ఏ కారణమూ కనబడదు. బైబిలులో, సువార్త ప్రకటిస్తూ తిరిగిన పౌలు, బర్నబాలకు సహాయకుడైన మార్కు అనబడిన యోహాను పంఫూలియ అనే ప్రాంతంలో పనిని విడిచి వెళ్లిపోయినప్పుడు పౌలు అతణ్ని మళ్లీ వెంట తీసుకువెళ్లడానికి ఒప్పుకోలేదు; ఆ వాదంలో పౌలు, బర్నబా విడిపోయారు. బర్నబా అతణ్ని తన వెంట కుప్రకు (సైప్రస్ ద్వీపానికి) తీసుకువెళ్లాడు. ఏళ్ల తర్వాత తిమోతికి రాసిన రెండవ పత్రికలో, అదే పౌలు మార్కు తనకు పరిచర్యలో ఉపయోగపడేవాడని, అతణ్ని వెంటబెట్టుకు రమ్మని కోరాడు. మార్కు ఎదిగింది పౌలు దగ్గర కాదు, వేరే మనిషి చేతికింద. మీ అమ్మాయి మీ సంఘంలో ఎదగకపోవచ్చు; అయినా సంతోషించడానికి మీరు సిద్ధపడాలి. వీలైతే ఒక ఆదివారం మీ బాధ్యతలు మరొకరికి అప్పగించి, ఆమె ఒప్పుకుంటేనే, ఆమెతోపాటు అక్కడికి వెళ్లి వెనుక కూర్చోండి. అక్కడివారు కొత్తవారిని ఎలా పలకరిస్తారో, ఆమె ఎవరి పక్కన కూర్చుని నవ్వుతుందో చూడండి. తిరిగి వచ్చాక ఆ సంఘంలోని లోపాలు ఎంచకుండా, అక్కడ ఆమెకు నచ్చిందేమిటో అడిగి తెలుసుకోండి. ఆమె చెప్పినదాన్ని, ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా మీ కమిటీ ముందు పెట్టండి.